20 న్యూటన్లతో తోస్తే మధ్యలో 16 ఎలా వచ్చింది?

ముందు నీ ప్రశ్న ఏమిటో ఒకసారి చెప్పేస్తాను, తర్వాత చదివేవాళ్లకు కూడా తెలియాలి కదా. నున్నటి బల్ల మీద 2, 3, 5 కిలోల దిమ్మెలు వరసగా ఆనుకుని ఉన్నాయి. ఎడమ వైపున ఉన్న 2 కిలోల దిమ్మెను 20 న్యూటన్ల బలంతో కుడివైపుకు తోస్తున్నాం. దిమ్మెల మధ్య స్పర్శా బలాలు, అంటే తాకే చోట అవి ఒకదాన్నొకటి నెట్టుకునే బలాలు, ఎంత? నువ్వు రెండు చోట్లా 20 అని వేశావు. గైడులో 16, 10 అని ఉంది. "మూడో నియమం ప్రకారం 20తో తోస్తే 20 ముందుకు పోవాలి కదా, మధ్యలో 4 న్యూటన్లు ఎవరు మింగేశారు?" అని అడిగావు. ఘర్షణ ఉంటే జవాబు మారుతుందా, మొదటి దిమ్మెను కాకుండా మధ్య దిమ్మెను తోస్తే ఏమవుతుంది అని కూడా అడిగావు.

బాబూ, ఇంటర్ మొదటి సంవత్సరంలో నేను రాసిన జవాబు కూడా ఇదే. సున్నా మార్కులు వేసి, పక్కన మా మాస్టారు ఎర్ర సిరాతో ఒక్క ముక్క రాశారు: "అయితే మొదటిది కదలదు, చివరిది పారిపోతుంది." ఆ ముక్క అర్థం కావడానికి నాకు రెండు రోజులు పట్టింది. తర్వాత ఇరవై ఏళ్లకు పైగా ఇదే పాఠం చెప్పాను, ఇప్పుడు చెన్నైలో మా వీధి పిల్లలకు చెబుతున్నాను. ఇంతకంటే మంచి వివరణ నాకు ఇప్పటికీ దొరకలేదు.

నీ జవాబు నిజమే అనుకుందాం. చిన్న దిమ్మెను నువ్వు 20తో కుడివైపుకు తోస్తున్నావు. నడిమి దిమ్మె దాన్ని 20తో ఎడమ వైపుకు తోస్తోంది. ఫలిత బలం సున్నా. అంటే చిన్నది కదలకూడదు. నడిమి దానికీ అదే గతి, ఎడమ నుంచి 20, కుడి నుంచి 20, ఫలితం సున్నా. పెద్ద దిమ్మె మీద మాత్రం ఒకే వైపు నుంచి 20 ఉంది, ముందు అడ్డేమీ లేదు. కాబట్టి అది సెకనుకు సెకనుకు 4 మీటర్ల త్వరణంతో వెళ్లిపోవాలి. వెనక రెండూ నిలబడిపోయి ముందుది ఒక్కటే వెళ్లిపోతే, ఇక దాన్ని తోసేది ఎవరు? లెక్క దానంతట అదే విరిగిపోయింది.

నీ చిక్కంతా మూడో నియమం దగ్గర ఉంది. చర్య, ప్రతిచర్య సమానం అనగానే "నేను ఇచ్చిన 20 అలాగే చేతులు మారుతుంది" అని మనసు అనుకుంటుంది. నియమం ఆ మాట అనలేదు. న్యూటన్ 1687లో అచ్చువేసినప్పుడు ఇచ్చిన ఉదాహరణ చాలా మామూలుది: నువ్వు వేలితో రాయిని నొక్కితే రాయి నీ వేలిని నొక్కుతుంది. వేలు, రాయి అంతే, మూడోది లేదు. ఇక్కడ నీ 20కి జంట ఎక్కడుంది? నీ అరచేతి మీద ఉంది. చిన్న దిమ్మె నీ చేతిని 20తో వెనక్కి నెడుతోంది. ఆ జంట అక్కడితో సరి. చిన్నదానికీ నడిమిదానికీ మధ్య ఉన్నది వేరే జంట. దాని విలువ రెండు వైపులా సమానం కావాలి గానీ, 20 కావాలని ఎవరూ అనలేదు. అది ఎంతో తేల్చేది రెండో నియమం: ఫలిత బలం అంటే కిలోలను త్వరణంతో గుణించినంత.

ఇప్పుడు లెక్క. మూడూ కలిసే కదులుతాయి కాబట్టి త్వరణం ఒకటే. మొత్తం 10 కిలోలు, బలం 20, త్వరణం 2. ఇక్కడిదాకా గైడులో కూడా ఉంటుంది. దీని తర్వాత చాలామంది మొదటి దిమ్మెతో మొదలుపెడతారు. నేనైతే చివరి దిమ్మెతో మొదలుపెట్టమంటాను. పెద్ద దిమ్మెను తోసేది ఒక్కటే, దాని వెనక ఉన్న నడిమి దిమ్మె. నీ చెయ్యి దాన్ని తాకడం లేదు. కాబట్టి దాని ఫ్రీ బాడీ డయాగ్రమ్‌లో, అంటే ఆ ఒక్క దిమ్మె మీద పడే బలాలను బాణాలతో చూపే బొమ్మలో, అడ్డంగా ఒకే బాణం ఉంటుంది. 5 కిలోలు 2 త్వరణంతో పోవాలంటే 10 న్యూటన్లు కావాలి. ఒక జవాబు వచ్చేసింది.

నడిమి దిమ్మె మీద రెండు బాణాలు. వెనక నుంచి చిన్నది తోస్తోంది, ముందు నుంచి పెద్దది 10తో వెనక్కి నెడుతోంది. 3 కిలోలకు 2 త్వరణం రావాలంటే 6 న్యూటన్లు మిగలాలి. 10 పోగా 6 మిగలాలంటే వెనక నుంచి 16 రావాలి. ఇది రెండో జవాబు. ఇక చిన్నదాన్ని సరిచూసుకోవడానికి వాడు: నీ 20లోంచి వెనక్కి వచ్చే 16 తీసేస్తే 4 మిగిలింది, 2 కిలోలకు 2 త్వరణం, సరిపోయింది. నువ్వు "ఎవరు మింగేశారు" అన్న 4 న్యూటన్లు ఇవే. చిన్న దిమ్మె తాను కదలడానికి వాడుకుంది.

గుళ్లో ప్రసాదం గిన్నె వరసలో చేతులు మారడం చూసి ఉంటావు. ఒక్కొక్కరూ తమ వంతు తీసుకుని మిగిలింది పక్కవాళ్లకిస్తారు. చిన్నది 4 ఉంచుకుని 16 ఇచ్చింది, నడిమిది 6 ఉంచుకుని 10 ఇచ్చింది, పెద్దదానికి 10 మిగిలింది. పిల్లలకు ఈ పోలిక వెంటనే ఎక్కుతుంది కాబట్టి నేనూ వాడతాను, కానీ దీన్ని మరీ నమ్మకు. బలం గిన్నెలో ఉండే వస్తువు కాదు, ఒకచోటి నుంచి ఇంకోచోటికి పోదు. ఎవరి వంతు ఎంత అని అడిగే బదులు రెండు దిమ్మెలు తాకే చోట నిలబడి, "ఇక్కడి నుంచి ముందు ఎన్ని కిలోలున్నాయి?" అని అడుగు. మొదటి అతుకు ముందు 8 కిలోలు, 8 రెళ్లు 16. రెండో అతుకు ముందు 5 కిలోలు, 5 రెళ్లు 10. ఇంత సాధించాక, పరీక్షలో తొందరగా కావాలంటే, ఆ భిన్నాన్నే నేరుగా వెయ్యవచ్చు: 20లో పదింట ఎనిమిది వంతులు, పదింట అయిదు వంతులు.

ఇప్పుడు వరస అలాగే ఉంచి కుడివైపు నుంచి, అంటే పెద్ద దిమ్మె మీద, అదే 20తో ఎడమకు తోయి. త్వరణం మళ్లీ 2. కానీ పెద్దదీ నడిమిదీ తాకే చోట నిలబడి చూస్తే ముందున్నవి 3, 2 కలిపి 5 కిలోలు, స్పర్శా బలం 10. నడిమిదీ చిన్నదీ తాకే చోట ముందున్నది 2 కిలోలే, బలం 4. ఇందాక 16 ఉన్న చోట ఇప్పుడు 4 వచ్చింది. ఇంకో చోట మాత్రం రెండు సార్లూ 10. దీన్ని చూసి "తోసే వైపు మారినా మధ్య బలం మారదు" అని సూత్రం రాసుకునే పిల్లలున్నారు. అది అంకెల పుణ్యం, ఆ అతుకుకు రెండు వైపులా చెరి 5 కిలోలు పడ్డాయి, అంతే.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగు. 16కు 4 కలిపితే 20. 10కి 10 కలిపినా 20. ఏ అతుకు దగ్గరైనా ఎడమ నుంచి తోసినప్పటి బలం, కుడి నుంచి తోసినప్పటి బలం కలిపితే నువ్వు తోసిన బలం వస్తుంది. ఎందుకంటే అతుకుకు అటున్న కిలోలు, ఇటున్న కిలోలు కలిస్తే మొత్తం కిలోలు. జవాబు సరిచూసుకోవడానికి ఇంత చౌకైన దారి ఇంకోటి లేదు. అంతేకాదు, రెండు వైపుల నుంచీ ఒకేసారి 20తో తోస్తే? రెండు లెక్కలూ కలుస్తాయి. ప్రతి అతుకు దగ్గరా 20, త్వరణం సున్నా. అంటే నువ్వు మొదట రాసిన జవాబు ఇదిగో, ఇక్కడ అక్షరాలా నిజం!

కుడివైపు చెయ్యి బదులు గోడ ఉన్నా ఇదే. నున్నటి నేల మీద మూడు దిమ్మెలూ గోడకు ఆని ఉంటే, నువ్వు 20తో నొక్కితే గోడ 20తో నొక్కుతుంది, మధ్యలో అన్నిచోట్లా 20. మనం చిన్నప్పటి నుంచి నొక్కేవి ఎక్కువగా కదలనివే: తలుపు, గోడ, కిక్కిరిసిన బస్సులో ముందున్నవాడి వీపు. అందుకే బలం తగ్గకుండా అలాగే పోతుందని మన ఒంటికి అలవాటైపోయింది. నీ ఆలోచనలో తెలివితక్కువతనమేమీ లేదు, కదలని వస్తువుల లెక్కను కదిలే వస్తువులకు వేశావు.

ఎడమ నుంచి 20, కుడి నుంచి 10తో తోస్తే అని పరీక్షల్లో అడుగుతూనే ఉంటారు. మొదటి అతుకు దగ్గర 16కి, 4లో సగం 2 కలిపి 18. రెండో చోట 10కి 5 కలిపి 15. నమ్మకం లేకపోతే త్వరణం 1 వేసి చివరి దిమ్మె నుంచి చేసి చూడు, అవే వస్తాయి.

ఇక ఘర్షణ. ఇది నాకు ఇష్టమైన భాగం, ఎందుకంటే చాలామంది టెన్షన్ పడేదీ ఇక్కడే. మూడు దిమ్మెలకూ నేలతో ఘర్షణ గుణకం (బరువులో ఎన్నో వంతు ఘర్షణగా అడ్డుపడుతుందో చెప్పే అంకె) 0.1 అనుకో, గురుత్వ త్వరణం 10 వేసుకో. ఘర్షణ బలాలు 2, 3, 5 న్యూటన్లు, మొత్తం 10. తోసే 20లో 10 మిగిలింది, త్వరణం 1కి తగ్గింది. స్పర్శా బలాలు కూడా తగ్గి ఉంటాయనుకుంటావు. పెద్ద దిమ్మె చూడు: త్వరణానికి 5, ఘర్షణను ఎదిరించడానికి 5, మొత్తం 10. మొదటి అతుకు ముందున్న 8 కిలోలకు త్వరణానికి 8, ఘర్షణకు 8, మొత్తం 16. ఏమీ మారలేదు! గుణకం అన్నిటికీ ఒకటే అయితే, ఏ దిమ్మెకు ఎన్ని కిలోలుంటే ఘర్షణ కూడా ఆ లెక్కనే పెరుగుతుంది, వాటాలు చెదరవు. వాలు బల్ల మీద పైకి తోసినా ఇదే సంగతి, అక్కడ బరువు వాలు వెంట లాగే భాగం కూడా కిలోల లెక్కనే ఉంటుంది.

దీన్ని కళ్లారా చూడాలంటే చెన్నైలో ఉన్నవాళ్లకు ల్యాబ్ అక్కర్లేదు, ఇంట్లో వాటర్ క్యాన్‌లు ఉన్నాయి. 20 లీటర్ల నిండు క్యాన్ అంటే ఇంచుమించు 20 కిలోల దిమ్మె. పెరంబూరులో మా ఇంట్లో మా అక్క మనవరాలు ఇదే ప్రశ్న పట్టుకుని కూర్చుంటే, వంటగది టైల్స్ మీద రెండు నిండు క్యాన్‌లు ఆనించి పెట్టాం. బరువు చూసుకునే పాత ముల్లు మిషను ఒకటి ఉంది. దాన్ని నిలువుగా పట్టుకుంటే ముల్లు సున్నా దగ్గర ఉండదు, చక్రం తిప్పి మళ్లీ సున్నాకు తెచ్చాం. క్యాన్ గుండ్రంగా, గాడులు పడి ఉంటుంది కాబట్టి మిషనుకూ క్యాన్‌కూ మధ్య పీట అడ్డం పెట్టాం. మొదట మిషనును అరచేతికీ వెనక క్యాన్‌కూ మధ్య పెట్టి మెల్లగా, ఒకే వేగంతో తోసింది. ముల్లు 12 కిలోల దగ్గర ఊగింది. తర్వాత మిషనును రెండు క్యాన్‌ల మధ్యకు మార్చి మళ్లీ తోసింది. ఈసారి 6 దగ్గర. పిల్ల మొహం చూడాలి! తర్వాత ముందు నిండుది తీసేసి ఖాళీ క్యాన్ పెట్టాం. ఖాళీది కిలో కూడా ఉండదు. ఇప్పుడు మధ్యలో ముల్లు కదిలిందా లేదా అని మా ఇద్దరికీ తగవు. ఖాళీది వెనక్కి, నిండుది ముందుకు మార్చితే చేతి దగ్గరా 6, మధ్యలోనూ దాదాపు 6.

ఇక్కడ గమనించావా, మెల్లగా ఒకే వేగంతో తోసినప్పుడు త్వరణం సున్నా. అయినా వాటాలు అవే. మిషను చూపించే కిలోలను 9.8తో గుణిస్తే న్యూటన్లు వస్తాయి, కానీ మనకు కావాల్సింది నిష్పత్తే కాబట్టి గుణించకపోయినా ఫరవాలేదు. మిషనుకూ పీటకూ సొంత బరువు, సొంత ఘర్షణ ఉంటాయి కాబట్టి అంకెలు కాస్త అటూ ఇటూ అవుతాయి.

గుణకాలు వేరువేరైతే మాత్రం ఈ సుఖం లేదు. పెద్ద దిమ్మె కింద మాత్రమే 5 న్యూటన్ల ఘర్షణ ఉండి మిగతావి నున్నగా ఉంటే త్వరణం 1.5, స్పర్శా బలాలు 17, 12.5కు పెరుగుతాయి. అదే 5 న్యూటన్లు చిన్న దిమ్మె కింద ఉంటే 12, 7.5కు తగ్గుతాయి. సూపర్ మార్కెట్‌లో ట్రాలీలు వరసగా గుచ్చి తోసే కుర్రాణ్ణి అడుగు, చక్రం పట్టేసిన ట్రాలీ ముందు వరసలో ఉంటే మధ్యలో ట్రాలీలు ఎంత బిగుసుకుంటాయో చెబుతాడు.

ఇంకో మెలిక, దీన్ని గైడులు మెల్లగా దాటేస్తాయి. ఘర్షణ ఉండి దిమ్మెలు అసలు కదలకపోతే? పైన చెప్పిన దిమ్మెలనే 4 న్యూటన్లతో తోయి. చిన్నది తన ఘర్షణతో ఎక్కువలో ఎక్కువ 2 ఆపగలదు. కాబట్టి, దిమ్మెలను ముందే ఒకదానికొకటి నొక్కి బిగించి పెట్టకపోతే, మొదటి అతుకు దగ్గర కనీసం 2, గరిష్ఠంగా 4 ఉండవచ్చు. సరిగ్గా ఎంత అని ఇచ్చిన వివరాలతో చెప్పలేం. దిమ్మెలు ఎలా ఆనించి పెట్టారు, అవి ఎంత కొద్దిగా నొక్కుకుంటాయి అన్న దాని మీద ఉంటుంది. తోపు 10కి చేరి మొత్తం జారబోయే క్షణానికి మాత్రం 8, 5 అని ఖాయంగా చెప్పవచ్చు. పరీక్షలో "కదలకుండా ఉన్నాయి, స్పర్శా బలం ఎంత" అని అడిగితే ముందు ప్రశ్నలోనే ఏదో తక్కువైందేమో చూడు.

పెరంబూరు అన్నాను కాబట్టి ఒక మాట. ఐసీఎఫ్ (ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ) ఇక్కడే ఉంది, 1955 నుంచి రైలు పెట్టెలు కడుతోంది. పాత ఐసీఎఫ్ పెట్టెల చివర్లలో రెండు పక్కలా గుండ్రటి బఫర్లు, మధ్యలో మరతో బిగించే కప్లింగ్ ఉంటాయి. తోపును బఫర్లు తీసుకుంటాయి, లాగుడును కప్లింగ్ తీసుకుంటుంది. జర్మన్ డిజైనుతో వచ్చిన కొత్త ఎల్‌హెచ్‌బీ పెట్టెల్లో మధ్యనున్న ఒకే కప్లర్ రెండు పనులూ చేస్తుంది. సెంట్రల్ స్టేషన్‌లో ఇంజను ఖాళీ పెట్టెల వరసను వెనక నుంచి నెట్టుకుంటూ ప్లాట్‌ఫాం మీదికి తేవడం కనబడితే నీ దిమ్మెల లెక్క అక్కడ వెయ్యి. ఒకే బరువున్న 20 పెట్టెలైతే, ఇంజనుకు దగ్గరి మొదటి రెండు పెట్టెల మధ్య తోపు ఇరవైలో పందొమ్మిది వంతులు, అట్టచివరి రెండింటి మధ్య ఇరవైలో ఒక వంతు. ఇంజను ముందుండి లాగితే తోపు బదులు లాగుడు, వాటాలు మాత్రం అవే. బయలుదేరేటప్పుడు ఠక్ ఠక్ ఠక్‌మని ఒక చప్పుడు రైలు పొడవునా పరిగెత్తుతుందే, కప్లింగుల్లో ఉన్న సందు ఒక్కొక్కటిగా బిగుసుకోవడం వల్ల వచ్చేది అది. ఆ కాసేపు అన్ని పెట్టెలకూ త్వరణం ఒకటి కాదు, కాబట్టి మన లెక్క అప్పుడు చెల్లదు.

చివరిగా, మధ్య దిమ్మెను తోస్తే అన్నావు. నడిమి దిమ్మె నెత్తిన చెయ్యి వేసి 20తో కుడివైపుకు నెట్టావనుకో. అలవాటు కొద్దీ మొత్తం 10 కిలోలు, త్వరణం 2 అని మొదలుపెడతావు. చిన్నదానికి 2 త్వరణం రావాలంటే 4 న్యూటన్లు కుడివైపుకు కావాలి. దాన్ని తాకేది నడిమిది ఒక్కటే, అది చిన్నదానికి కుడివైపున ఉంది. తోస్తే ఎడమకే తోయగలదు. అంటే స్పర్శా బలం మైనస్ 4 వచ్చింది. దిమ్మెలు ఆనుకుని ఉంటే తోయగలవు గానీ లాగలేవు, కాబట్టి మైనస్ కనిపించిందంటే అవి అప్పటికే విడిపోయాయని అర్థం. గుర్తు మార్చి 4 అని వెయ్యకు, లెక్క మళ్లీ మొదలుపెట్టు. చిన్నది ఉన్నచోటే ఉండిపోతుంది, దానికీ నడిమిదానికీ మధ్య బలం సున్నా. కదిలేవి 8 కిలోలే, త్వరణం 2.5, నడిమిదానికీ పెద్దదానికీ మధ్య 12.5 న్యూటన్లు. ఫెవికాల్‌తో అతికించి ఉంటే మాత్రం నీ మొదటి లెక్కే చెల్లుతుంది: చిన్నదాన్ని అతుకు 4తో లాగుతుంది, పెద్దదాన్ని నడిమిది 10తో తోస్తుంది.

క్యాన్‌లతో చేసేటట్టయితే నేల తుడిచి బాగా ఆరాక చెయ్యి. తడి టైల్స్ మీద మా ముల్లు ఒకచోట నిలవలేదు.